వార్తల్లో పదం: రిసెప్టర్ బ్లాకర్
శరీరం పంపే కబుర్లు అందుకోవడానికి కణాల పైపొర మీద ఉండే ప్రొటీన్లే రిసెప్టర్లు. చాలా వైరస్‌లు ఆ గుమ్మంలోంచే లోపలికి చొరబడతాయి. దాన్ని ముందే మూసి ఉంచే మందు రిసెప్టర్ బ్లాకర్.

జేసీ వైరస్ సంగతే చూడండి. పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఇది సోకి ఉంటుంది, ఎక్కువగా కిడ్నీల్లో కిమ్మనకుండా పడి ఉంటుంది. ఎయిడ్స్ వల్లనో, కొన్ని మందుల వల్లనో రోగనిరోధక శక్తి పడిపోతే మెదడులో విజృంభిస్తుంది. నరాలకు మైలిన్ తొడుగు చుట్టే కణాలను చంపేస్తుంది. ప్లాస్టిక్ ఊడిన కరెంటు తీగ గుర్తొస్తుంది నాకు. రోగికి మాట తడబడుతుంది, చేతిలో గ్లాసు నిలవదు, చూపు మసకబారుతుంది. ఈ జబ్బే పీఎంఎల్. ప్రాణాంతకం.

2004లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వైరస్ సెరోటోనిన్ రిసెప్టర్‌ను వాడుకుంటోందని వెల్లడించారు. మానసిక జబ్బులకు ఏళ్లుగా ఇస్తున్న క్లోర్‌ప్రొమజైన్, క్లోజపైన్ ప్రయోగశాలలో ఆ దారిని అడ్డుకున్నాయి. పాత మాత్రే కొత్త ఆయుధమవుతుందంటే ఎంత ఆశ! అదే రిసెప్టర్‌ను మూసే డిప్రెషన్ మందు మిర్టాజపైన్‌ను పీఎంఎల్ రోగులకు ఇచ్చి చూశారు. కొందరు కోలుకున్నారు కానీ, అది ఆ మందు వల్లేనని రుజువు కాలేదు. వైరస్ అప్పటికే చేరిపోయిన కణాన్ని గుమ్మం మూసి కాపాడలేం కదా. అందుకే ఇప్పటికీ వైద్యుల మొదటి ప్రయత్నం రోగనిరోధక శక్తిని తిరిగి నిలబెట్టడమే.