ముక్కు చుట్టూ నాలుగు జతల గుల్లలు
జలుబు ముదిరితే కంటికీ చేటు

రొంప పట్టి నాలుగు రోజులు గడిచేసరికి నుదురు బరువెక్కుతుంది. నాటు వేయడానికి వంగితే బుగ్గల్లో పోటు మొదలవుతుంది. తలలో నీరు చేరిందని పల్లెల్లో అనుకోవడం మామూలే. అయితే ఆ నీరు చేరేది మెదడులో కాదు, ముఖం ఎముకల్లో ఉండే గుల్లల్లో. డాక్టర్లు వీటినే సైనస్‌లు అంటారు.

ఇవి నాలుగు జతలు. బుగ్గ ఎముకల్లో ఒక జత, కనుబొమల పైన నుదుట ఒక జత, రెండు కళ్ల నడుమ చిన్న చిన్న గదుల గుంపులుగా ఒక జత, ముక్కు వెనుక తల లోతున మరొక జత. బుగ్గలోనివి అన్నింటికంటే పెద్దవి. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాల నీరు పడుతుంది. నుదుటి గుల్లలు పుట్టుకతో ఉండవు. పిల్లలు పెరిగేకొద్దీ ఏర్పడతాయి.

తూము పైన ఉన్న చెరువు

ఈ గదులన్నింటి నుంచి ముక్కులోకి సన్నని దారులున్నాయి. లోపలి పొరలో జిగురు ఊరుతుంది. కంటికి కనిపించని నూగు ఆ జిగురును, అందులో చిక్కిన దుమ్మును ఎప్పటికప్పుడు బయటికి నెడుతుంది. జలుబు చేస్తే పొర వాచి దారి మూసుకుపోతుంది. బుగ్గ గదికి మరో చిక్కు ఉంది. దాని కంత అడుగున కాక పైభాగాన ఉంటుంది. తూమును కట్ట పైన పెట్టిన చెరువులాగా నీరు దానంతట అది పోదు. నూగు పని చేయకపోతే నిలిచిపోయి చీము పడుతుంది.

పంటికీ, కంటికీ పొరుగే

పై దవడ పళ్ల వేళ్లు బుగ్గ గది అడుగును ఆనుకుని ఉంటాయి. అందువల్ల సైనస్ నొప్పి పంటినొప్పిలా అనిపిస్తుంది. పుచ్చుపంటి చీము కూడా ఆ గదిలోకి చేరవచ్చు. ఒక ముక్కు నుంచే దుర్వాసనతో చీము వస్తుంటే పన్ను కూడా చూపించుకోవాలి. చిన్నపిల్లలకైతే ముక్కులో ఏ గింజో, బలపం ముక్కో ఇరుక్కుందేమో చూపించాలి. ఇంట్లో పుల్లతో కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

కళ్ల నడుమ గదులకూ, కంటి గుంటకూ మధ్య ఎముక కాగితమంత పలుచన. జలుబుతో ఉన్న పిల్లవాడికి కన్ను వాస్తే కళ్లకలక అనుకుని ఊరుకోరాదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

2021లో కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ పాకింది ఈ దారినే. ముక్కు నుంచి సైనస్‌లకు, అక్కడి నుంచి కంటికి, మెదడుకు ఎక్కింది. షుగర్ అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారు దాని బారిన పడ్డారు. ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని తెలంగాణలో దానికి ప్రత్యేక కేంద్రం చేశారు. కరోనా తగ్గినా, షుగర్ ముదిరినవారికి ఆ ముప్పు నేటికీ ఉంది.

ఏం చేయాలి?

చాలా జలుబులు పది రోజుల్లోపు వాటంతట అవే తగ్గుతాయి. యాంటీబయాటిక్ బిళ్లలు అక్కర లేదు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు శుభ్రం చేసుకోవచ్చు. ముక్కు దిబ్బడకు వేసే చుక్కల మందు వారానికి మించి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. మరుగుతున్న నీళ్ల గిన్నె ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టరాదు. ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

పది రోజులకూ తగ్గకపోయినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా డాక్టరుకు చూపించాలి. కన్ను వాచడం, ఒకటి రెండుగా కనబడటం, వాంతులతో విపరీతమైన తలనొప్పి, షుగర్ ఉన్నవారికి ముక్కు నుంచి నల్లని స్రావం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకూడదు.