మీకు తెలుసా? ఒకే కప్పు మీది వాన రెండు నదులకు!

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం పడమటి అంచున, అల్లెఘనీ కొండల్లో హైలాండ్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. కానీ 2020 జనగణనలో ఇక్కడ తేలిన జనం 2,232 మందే. మన దగ్గర చాలా పల్లెల్లో అంతకంటే ఎక్కువమందే ఉంటారు!

ఇక్కడి హైటౌన్‌లో ఒక పశువుల కొట్టం ఉంది. దాని కప్పు ఒక వాలున పడిన చినుకు పొటోమాక్ నదికి, రెండో వాలున పడింది జేమ్స్ నదికి పోతుందని స్థానికులు చెప్పుకుంటారు. కొట్టం మాట ఎలా ఉన్నా, ఆ రెండు నదుల పాయలు ఈ కొండల్లోనే పుట్టడం మాత్రం నిజం.

1847లో పెండిల్టన్, బాత్ కౌంటీల నుంచి కొంత కొంత తీసి హైలాండ్ కౌంటీని ఏర్పరచారు. అప్పటికి ఇక్కడ రాష్ట్ర సరిహద్దే లేదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 మే 8న, ఇక్కడి మెక్‌డవెల్ ఊరి దగ్గర దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ సేన గెలిచింది. మరుసటి ఏడాది జూన్ 20న వెస్ట్ వర్జీనియా కొత్త రాష్ట్రమైంది. పెండిల్టన్ అటు పోయింది, హైలాండ్ ఇటు మిగిలింది.

ఏటా మార్చిలో ఇక్కడ మేపుల్ పాకం పండుగ. సుమారు 40 లీటర్ల మేపుల్ చెట్టు రసం కాస్తే దిగేది ఒక్క లీటరు పాకం.