నీళ్లు పది నిమిషాలు, గాలి అరగంట

ఎండాకాలం కోటగిరి వైపు గడ్డివాము అంటుకుంటే బోధన్ దిక్కు నుంచి ఫైరింజన్ రావాలి. అలాంటి బండి ట్యాంకులో మామూలుగా 4,500 లీటర్ల నీళ్లు పడతాయి. చూడ్డానికి ఎక్కువే. నిమిషానికి 450 లీటర్లు చిమ్మే పైపు ఒక్కటి విప్పితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ, రెండు విప్పితే ఐదే. కొత్త ఫైర్‌మెన్‌కు ముందుగా ఒంటబట్టాల్సింది ఈ లెక్క. ధైర్యం సంగతి తర్వాత.

తెలంగాణలో వీళ్ల శిక్షణ హైదరాబాద్ శివారు వట్టినాగులపల్లిలో జరుగుతుంది. 2024లో 483 మంది ఫైర్‌మెన్ ఒకే విడతలో అక్కడ శిక్షణ ముగించుకున్నారు. అధికారుల చదువుకు నాగ్‌పూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. పరేడ్, నిచ్చెనలు, తాళ్ల ముడులు, పైపు చుట్టడం, పరవడం... బయటివాళ్లకు ఇదంతా పోలీసు శిక్షణలాగే కనిపిస్తుంది. అసలు పాఠం భౌతికశాస్త్రానిది.

లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరయ్యేలోపు దాదాపు 2,600 కిలోజౌళ్ల వేడిని లాగేసుకుంటాయి. అందులో సింహభాగం మరిగేదాకా కాదు, మరిగి ఆవిరిగా మారేటప్పుడే. కాబట్టి మంట మీద పడి ఆవిరి కాకుండా నేల మీద పారిపోయిన నీళ్లు చాలావరకు దండగే. నాజిల్ తిప్పి ధారను తుంపర చేయడం నేర్పేది ఇందుకే. అలాగని మూసిన గదిలో ఇష్టమొచ్చినట్టు చిమ్మకూడదు. లీటరు నీళ్లు సుమారు 1,700 లీటర్ల ఆవిరవుతాయి, ఆ ఆవిరి చిమ్మినవాణ్నే కాలుస్తుంది.

గడ్డివాము దగ్గర ఈ ఉపాయం కూడా చాలదు. వరిగడ్డి పైపొర మైనం పూసినట్టుంటుంది, నీళ్లు జారిపోతాయి, నిప్పు లోపల పాకుతూనే ఉంటుంది. వామును కొక్కేలతో లాగి, విడదీసి తడపాల్సిందే. అగ్గిపుల్ల గీయకుండానే అంటుకునే వాములూ ఉన్నాయి. తడి ఆరని గడ్డిని కుప్ప వేస్తే సూక్ష్మజీవుల వల్ల లోపల వేడి పుడుతుంది. అది బయటికి పోయే దారి లేక పెరిగి, ఆపైన గాలిలోని ఆక్సిజన్‌తో చర్య మొదలై, ఒక్కోసారి నిప్పే రాజుకుంటుంది. చెరకు పిప్పిదీ ఇదే గుణం. మిల్లులోంచి వచ్చేటప్పుడు అందులో సగం దాకా తేమే. 2015లో గానుగ ఆగిన బోధన్ నిజాం షుగర్స్ లాంటి చక్కెర ఫ్యాక్టరీల్లో పిప్పితో పాటు చక్కెర ధూళి కూడా ప్రమాదమే. 2008లో అమెరికాలోని జార్జియాలో ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో ఆ ధూళి పేలి 14 మంది చనిపోయారు.

పది నిమిషాలు అయిపోయాక? నిజాంసాగర్ కాలువో, చెరువో, బావో చూసుకోవాలి. సక్షన్ పైపు దింపి, దానిలోని గాలి తీసేస్తే, బయటి గాలి ఒత్తిడే నీళ్లను పైకి నెడుతుంది. పంపు లాగుతుందనుకుంటాం గానీ, నెట్టేది వాతావరణం. అది ఎంత నెట్టినా 10 మీటర్లు దాటదు, ఆచరణలో ఏడు మీటర్లకే ఆయాసం. మోటారును బావి లోపలి గద్దె మీదికి దించుకున్న పాతకాలపు రైతుకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన నిండుబావి ఉందని ఊరివాళ్లు కేకలు వేస్తున్నా ఫైర్‌మెన్ ముందు లోతు చూసేది అందుకే. దాన్ని ఆలస్యం అనడం అన్యాయం.

ఇక గాలి. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023లో ఆరుగురిని, హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో 2025లో 17 మందిని బలిగొన్న ప్రమాదాల్లో మంటను మించి పొగే చంపింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే వీపున గాలి సిలిండర్. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడితో కుక్కితే 1,800 లీటర్ల గాలి పడుతుంది. బరువు పనిలో నిమిషానికి 60 లీటర్లు పీలిస్తే అరగంటే.

భయపడ్డ మనిషి ఇంకా వేగంగా పీలుస్తాడు. అందుకే మాస్కు పెట్టించి, పొగ నింపిన చీకటి గదిలోకి పంపుతారు. నిలబడితే వేడి, కాబట్టి పాకాలి. ఒక చెయ్యి గోడను వదలకూడదు, వదిలితే తలుపు దొరకదు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం అక్కడ ఒక నైపుణ్యం, దాన్నీ సాధన చేయిస్తారు. ఒత్తిడి 50 బార్ల దగ్గరికి పడగానే ఈల మోగుతుంది. ఆ ఈల వినేదాకా లోపల ఆగినవాడు లెక్క తప్పినట్టే. వెళ్లడానికి ఎంత గాలి పట్టిందో తిరిగి రావడానికీ అంత ఉంచుకోవాలి. లోపలికి ఇద్దరికి తక్కువ కాకుండా వెళతారు. ఎవరి మీటరు ముందు తగ్గితే వాళ్లదే లెక్క, రెండోవాడి సిలిండర్ సగం నిండి ఉన్నా ఇద్దరూ కలిసే వెనక్కి తిరగాలి.