యంత్రపు మాటలు ఎచటికి పోవును?

పెంటపాడులో ఒక బియ్యపు మిల్లు తూకపు లెక్కలు చూచు కంప్యూటరు ఉన్నదనుకొందము. రాత్రి గాలివానకు కరెంటు పోయినది. తెల్లవారి యంత్రము లేచినను లెక్కల కార్యక్రమము కదలదు. జరిగినదానికి సాక్షి యొక్కటే: ఆ కార్యక్రమము పలికిన మాటలు. అవి ఎచట వ్రాయబడినవి?

లినక్స్ కంప్యూటరులలో పెక్కింట ఈ వ్యవహారము సిస్టమ్‌డీ చేతిలో నున్నది. దీనిని 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ఆరంభించిరి. తెరవెనుక పనిచేయు సేవలను మేల్కొలుపుట, వాని బాగోగులు చూచుట దీని పని. ప్రతి సేవకు రెండు నోళ్లు. ఒకటి ఫలితములను చెప్పును. రెండవది తప్పులను చెప్పును. ఆ మాటల గమ్యమును సేవాపత్రములోని 'స్టాండర్డ్ అవుట్‌పుట్', 'స్టాండర్డ్ ఎర్రర్' అను పంక్తులు నిర్ణయించును.

సాధారణముగా ఏమియు వ్రాయనిచో మొదటి నోటి మాట 'జర్నల్' అను ఉమ్మడి చిట్టాకు పోవును. రెండవది దానినే అనుసరించును. 'నల్' అనినచో మాట గాలిలో కలియును. 'ఫైల్' అనినచో పేర్కొన్న దస్త్రమున మొదటినుండి, పాత వ్రాత మీదనే పడును. పాతది నిలువవలెనన్న 'అపెండ్' అనవలెను.

1984లో రద్దగువరకు గ్రామ కరణము ఉండెడివాడు. ఏ చేను ఎవరి సాగులో నున్నదో రైతు గాక కరణమే అడంగలులో వ్రాసెడివాడు. జర్నలును అట్టిదే. ప్రతి పంక్తికి వేళను, పలికిన సేవ పేరును తానే చేర్చును.

అయినను ఒక మెలిక కలదు. చిట్టా నిలువకు 'ఆటో' అను ఏర్పాటున్నచో, డిస్కుపై '/వార్/లాగ్/జర్నల్' అను సంచయము ఉన్నప్పుడే చిట్టా అచట నిలుచును. లేనిచో జ్ఞాపకశక్తిలో మాత్రమే యుండి, కరెంటుతోనే మాయమగును. మన మిల్లు సాక్షి ఆ రాత్రియే పోయినట్లు!

కావున ఆ సంచయమును ముందే కల్పింపవలెను. లేదా 'స్టోరేజ్' ఎదుట 'పెర్సిస్టెంట్' అని వ్రాయవలెను. చిట్టా డిస్కునంతయు మ్రింగునను భయము వలదు. మామూలుగా డిస్కులో పదవవంతు, అదియు 4 గిగాబైట్లకు మించదు. అయితే సామాన్యపు మాటలు 5 నిమిషముల కొకమారు డిస్కునకు స్థిరపడును గనుక చివరి నిమిషముల మాటలు పోవచ్చును. మిక్కిలి తీవ్రమైన హెచ్చరికలు మాత్రము వెంటనే స్థిరపడును.

గాలివానను ఆపలేము. మరునాటి ఉదయమునకు సాక్షిని నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనిదే.