బామ్మర్ది ఐడీ కార్డూ, కొత్త కారు బేరమూ

తిరుపతి, చిత్తూరు వైపు ఇంట్లో కొత్త కారు మాట లేచిందంటే, ఏ కారు అనే చర్చ కంటే ముందే ఒక ప్రశ్న వస్తుంది: "మనోళ్లలో కంపెనీలో ఉండేది ఎవురు?" సత్యవేడు పక్కన హీరో ఫ్యాక్టరీ ఉంది, శ్రీసిటీలో ఇసుజు ఉంది, కాస్త దూరమైనా పెనుకొండలో కియా ఉంది. ఏదో ఒకదాంట్లో మేనల్లుడో, తోడల్లుడి తమ్ముడో ఉండనే ఉంటాడు. అక్కడెవరూ లేకుంటే దేవస్థానంలోనో, యూనివర్సిటీలోనో, బ్యాంకులోనో ఒకరు దొరుకుతారు. అదీ కాదంటే మిలిటరీ నుంచి వచ్చేసిన పెదనాయన ఉంటాడు. ఐడీ కార్డు చేతికొస్తే సగం బేరం అయిపోయినట్టే అనుకుంటాం. మనకు ఈ నమ్మకం ఉందని రేణిగుంట రోడ్డు షోరూముల్లో సేల్స్ కుర్రాళ్లకు బాగా తెలుసు. ఆ నమ్మకంలో నిజమెంత, గాలి ఎంత అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఉద్యోగి ధర అంటే అదే అడుగు ధర, ఇంక బేరం అక్కర్లేదు

దీనికి అన్నిటికంటే మంచి జవాబు అమెరికాలో దొరుకుతుంది. 2005 జూన్‌లో జనరల్ మోటార్స్ కంపెనీ "మా ఉద్యోగులకు ఇచ్చే ధరకే అందరికీ ఇస్తాం" అని ప్రకటించింది. జులైలో ఫోర్డ్, క్రైస్లర్ కూడా అదే దారి పట్టాయి. జనం ఎగబడి కొన్నారు. తర్వాత మేగన్ బస్, డంకన్ సిమెస్టర్, ఫ్లోరియన్ జెటల్‌మేయర్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ అమ్మకాల లెక్కలు తీసి చూస్తే ఒక వింత బయటపడింది. చాలా మోడళ్లకు జనం కట్టిన ధర, ఆ స్కీముకు ముందు వారాల్లో రిబేట్లు పోను కట్టిన ధర కంటే ఎక్కువే ఉంది. అయినా అమ్మకాలు పెరిగాయి. "ఉద్యోగి ధర" అన్న పేరు వినగానే ఇంతకన్నా తగ్గదులే అని జనం నిశ్చింతగా సంతకం పెట్టేశారన్నమాట. 2025 ఏప్రిల్‌లో ఫోర్డ్ మళ్లీ ఇలాంటి స్కీమే పెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పేరుకున్న పట్టు పోలేదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవీ లాంటి ఊళ్లలో మన తెలుగు ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. ఫోర్డ్‌లో పనిచేసే స్నేహితుడు తన కోటాలోంచి ఒక పిన్ నంబరు ఇస్తే, ఎక్స్ ప్లాన్ కింద కారు కొనుక్కోవచ్చు. అక్కడ ధర ముందే ఖాయమై ఉంటుంది, షోరూములో బేరమాడే అవసరం రాదు. అది విని ఇక్కడా అంతే అనుకుంటే పొరపాటు.

ఇక్కడ తగ్గింపు మూడు జేబుల్లోంచి వస్తుంది. మొదటిది ఆ నెలలో కంపెనీ అందరికీ ఇచ్చే ఆఫర్. రెండోది కార్పొరేట్ డిస్కౌంట్. ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, బ్యాంకు వాళ్లు, కంపెనీ జాబితాలో ఉన్న సంస్థల వాళ్లు దీనికి అర్హులు. మూడోది డీలర్ తన మార్జిన్‌లోంచి వదులుకునేది. కార్పొరేట్ డిస్కౌంట్‌లో ఎక్కువ భాగం మామూలుగా కంపెనీ సొమ్మే. మీ ఐడీ కార్డు, పే స్లిప్పు కాగితాలు పంపి డీలర్ దాన్ని తర్వాత రాబట్టుకుంటాడు. అంటే "సారూ, మీ కార్డుకు పదివేలు తగ్గించినాం" అన్నప్పుడు ఆయన సొంత జేబు ఇంకా తెరుచుకోలేదు. తెరిపించాల్సింది అదే.

నన్నడిగితే కార్డు జేబులోంచి తీయడానికి తొందరపడొద్దు. మామూలు కొనుగోలుదారుగానే బేరమాడి, వచ్చిన ధరను కొటేషన్ కాగితం మీద రాయించుకోవాలి. కార్డు ఆ తర్వాతే తీయాలి. అయితే బిల్లు కొట్టకముందే తీయాలి. బిల్లయ్యాక చూపించిన కార్డుతో డీలర్ కంపెనీని ఒప్పించడం కష్టం.

అపోహ: డిస్కౌంట్ ఎంత పెద్దదైతే అంత లాభం

ఇక్కడ కాసేపు ఆగాలి. మన కళ్లు డిస్కౌంట్ గడి మీదే ఉంటాయి, డబ్బు మాత్రం మిగతా గడుల్లోంచి పోతుంది.

ఎక్స్ షోరూమ్ ధర ఎనిమిది లక్షల కారు అనుకుందాం. కొటేషన్‌లో కార్పొరేట్ డిస్కౌంట్ పదివేలని పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, "బేసిక్ కిట్" (మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు), కొన్నిచోట్ల "హ్యాండ్లింగ్" పేరుతో ఇంకో గీత. బేసిక్ కిట్‌కు పదిహేను వేలు వేస్తే డిస్కౌంట్ కరిగిపోయి ఇంకో ఐదువేలు ఎదురు పోసినట్టవుతుంది. అవే మ్యాట్లు బయట షాపులో ఎంతకు వస్తాయో అడిగి చూడండి.

లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది, దాన్ని ఏ డీలరూ తగ్గించలేడు. కానీ దాని లెక్క తెలిసినవాడు లాభపడతాడు. మన రాష్ట్రంలో 2021 సవరణ తర్వాత ఐదు నుంచి పది లక్షల లోపు కారుకు 14 శాతం, పది దాటి ఇరవై లక్షల వరకు 17 శాతం. 9,90,000 కారుకు పన్ను 1,38,600. అదే 10,10,000 కారుకు 1,71,700. ధరలో తేడా ఇరవై వేలే, పన్నులో తేడా ముప్పై మూడు వేలు. పైగా పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా పడుతుంది. సన్‌రూఫ్ కోసం ఒక వేరియంట్ పైకి ఎక్కినవాడు, బామ్మర్ది కార్డుతో మిగిలిన పదివేలను ఈ గీత దగ్గరే మూడింతలు చేసి కట్టేస్తాడు. ఈ సంగతి సేల్స్ కుర్రాడు తనంతట తాను చెప్పడు. పైవేరియంటు అమ్మితే ఆయనకు మేలు మరి.

టీసీఎస్ చూసి డీలర్ అదనంగా లాగుతున్నాడని గొడవపడేవాళ్లూ ఉన్నారు. అది మీ పాన్ నంబరు మీద ఆదాయపన్ను శాఖకు జమయ్యే సొమ్ము. రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను లేకుంటే తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇన్సూరెన్స్ సంగతి వేరు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి. ఆ బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన మాత్రం లేదు. "బయట ఇన్సూరెన్స్ తెస్తే డిస్కౌంట్ రాదు సార్" అన్నారంటే, ఆ డిస్కౌంట్ ఎవరి డబ్బుతో ఇస్తున్నారో అర్థమైపోయినట్టే. అదే ఐడీవీతో (బీమా కోసం బండికి కట్టే విలువ), అవే యాడ్ ఆన్లతో బయట కొటేషన్ తెచ్చి బల్ల మీద పెట్టండి. చాలాసార్లు షోరూము ప్రీమియం అక్కడికక్కడే దిగుతుంది.

సొంత కారు రిజిస్ట్రేషన్‌కు కేంద్ర నిబంధనల్లో రుసుము 600 రూపాయలు. కార్డు రుసుములాంటివి కలిపినా "రిజిస్ట్రేషన్ ఖర్చులు" గడిలో వేలల్లో అంకె కనిపిస్తే, దేనికెంతో విడివిడిగా రాసివ్వమని అడగండి. అడిగితే సిగ్గేం లేదు. కూరగాయల మార్కెట్లో రూపాయికి వాదించేవాళ్లం, ఏసీ గదిలో కాఫీ ఇచ్చేసరికి నోరు మూసుకుంటాం.

అపోహ: ఉద్యోగి పేరు మీద కొని, తర్వాత నా పేరుకు మార్చుకుంటే సరి

చాలా స్కీముల్లో ఉద్యోగి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల పేరు మీద బండి తీసుకోవడానికి వీలుంటుంది. సంబంధం చూపించే కాగితం ఉంటే చాలు. అది సక్రమమైన దారే. చిక్కంతా ఆ గీతకు బయట ఉండే బామ్మర్దితో, బాబాయి కొడుకుతో. "నా పేరు మీద తీసుకో బావా, ఏముంది?" అంటాడు పాపం మంచి మనసుతో. ఏముందో చూడండి.

ఆర్సీలో ఆయన పేరు, స్టీరింగు మీద మీ చెయ్యి. రేపు కుప్పం రోడ్డులో ఏదైనా జరగరానిది జరిగితే నష్టపరిహారం కేసులో నిలబడాల్సింది ఆయన. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని. ఇంకొకటుంది. బీమాతో పాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు ఓనర్ డ్రైవర్‌కే వర్తిస్తుంది. నడిపింది మీరు, ఓనరు ఆయన. ఆ కవరు కింద మీ ఇంట్లోవాళ్లకు ఏమీ రాదు.

నో క్లెయిమ్ బోనస్ గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా పాత కారు నడిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. ఆ బోనస్ కారును అంటిపెట్టుకుని ఉండదు, యజమానితో నడుస్తుంది. పాత కారు అమ్మేసి కొత్తది మీ పేరు మీద కొంటే, సర్టిఫికెట్ తెచ్చుకుని దాన్ని కొత్త పాలసీకి మార్చుకోవచ్చు. కొత్త కారు బామ్మర్ది పేరు మీద ఉంటే మీ బోనస్ దానికి పనికిరాదు. ఎక్స్ఛేంజ్ బోనస్‌కూ ఇదే తంటా. పాత బండి మీ పేరు మీద, కొత్తది ఆయన పేరు మీద ఉంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు. టీసీఎస్ ఉంటే అదీ ఆయన పాన్‌లోకే వెళ్తుంది. లోను తీసుకుంటే ఆయన సిబిల్ మీద పడుతుంది. రేపు ఆయన ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకుకు వెళ్తే మీ కారు వాయిదా అడ్డం వస్తుంది. ఏడాది తర్వాత ఆర్సీ మార్చుకున్నా, అమ్మేటప్పుడు అది రెండో ఓనరు బండే. పదివేల డిస్కౌంట్‌కు ఇంత బరువు ఎత్తుకోవాలా?

అపోహ: మిలిటరీ క్యాంటీన్‌లో చుట్టాలందరికీ కారు తీయొచ్చు

తీయలేరు. 1948లో మొదలైన క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్‌కు జీఎస్టీలో సగం వెనక్కి వస్తుంది. అందుకే అక్కడ ధర నిజంగానే తక్కువ. ఆ రాయితీ సైనికుడికీ మాజీ సైనికుడికీ దేశం ఇచ్చే గౌరవం. ఎన్నేళ్లకు ఒక కారు, ఏ ధర వరకు అన్నదానికి హోదాను బట్టి పరిమితులున్నాయి. బండి ఆయన పేరు మీదే రావాలి. పెదనాయన తన కోసం కొనుక్కుంటే చాలా మంచి బేరం. మన కోసం ఆయన హక్కును ఖర్చుపెట్టించడం తగని పని, ఒకసారి వాడేస్తే అది ఆయనకు మళ్లీ అంత త్వరగా దొరకదు కూడా.

అపోహ: వేలూరులోనో, బెంగళూరులోనో తక్కువకు వస్తుంది

చిత్తూరు వాళ్లకు వేలూరు గంట దూరం, కాబట్టి ఈ ఆశ సహజమే. ఒకప్పుడు ఇందులో నిజముంది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో వ్యాట్, పుదుచ్చేరి పేరు చెప్పి నోరూరించేవాళ్లు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ తేడా పోయింది. ఇంక మిగిలింది రోడ్డు పన్ను. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటో, బండి మామూలుగా ఉంచే చోటో రిజిస్టర్ చేయించాలి. చెన్నైలో ఉన్న అల్లుడి అడ్రసుతో తమిళనాడు నంబరు తెచ్చినా, ఏడాది దాటి ఇక్కడే తిరిగితే మళ్లీ ఇక్కడ నంబరు మార్చుకోవాలి, పన్ను కట్టాలి. అక్కడ కట్టింది వాపసు తెచ్చుకోవడం మరో తిరునాళ్ల.

అయినా వేలూరు కొటేషన్ పనికొస్తుంది. తెచ్చి చిత్తూరు షోరూములో చూపించడానికి.

అపోహ: జీఎస్టీ తగ్గింపు షోరూము ఇచ్చిన డిస్కౌంటే

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం, ఆపైన సెస్సు ఉండేవి. పెద్ద కార్లకు సెస్సు ఎత్తేసి 40 శాతం చేశారు, ఎలక్ట్రిక్ కార్లకు ఎప్పటిలాగే 5 శాతం. 350 సీసీ వరకు బైకులకూ 18 శాతమే. ఇది ప్రభుత్వం తగ్గించింది. పాత ధర కొట్టేసి కొత్త ధర రాసి "స్పెషల్ ఆఫర్" అని బోర్డు పెడితే, అందులో షోరూముది పైసా లేదు. అసలు డిస్కౌంట్ ఎక్కడుందో అడగాలి. ముందే ఒప్పుకున్న తగ్గింపు బిల్లులోనే చూపిస్తే జీఎస్టీ కూడా తగ్గించిన ధర మీదే పడుతుంది. "బిల్లు ఫుల్‌గా కొట్టి చేతికి ఇస్తాం" అనే మాట కొనేవాడికి నష్టం.

అపోహ: ఆషాఢం ఆఫర్ అంటే పాత సరుకు వదిలించుకోవడమే

పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఆషాఢంలో మనవాళ్లు కొత్త బండి ఎక్కరు. షోరూము అద్దె, జీతాలు మాత్రం ఆగవు. అందుకే ఆ నెలలో డీలర్ జేబు కాస్త వదులవుతుంది. శ్రావణంలో, దసరాకు కార్డు చూపించినా రాని తగ్గింపు ఆషాఢంలో కార్డు లేకుండానే రావొచ్చు. ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో ధర ఖాయం చేసి బుక్ చేసుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకుంటారు. డెలివరీ నాటి ధర కాకుండా బుకింగ్ నాటి ధరే వర్తిస్తుందని రసీదు మీద రాయించుకుంటేనే ఇది పని చేస్తుంది.

పాత సరుకా కాదా అన్నది తేల్చుకోవడం సులువు. షోరూము ఇచ్చే ఫారం 21లో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, ఆర్సీలోనూ అవే ఎక్కుతాయి. డబ్బు కట్టకముందే యార్డుకు వెళ్లి, మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబరు రాసుకుని, ఆ నెల ఏదో కాగితం మీద అడగండి. జనవరిలో కొనే కారు కిందటి ఏప్రిల్‌లో తయారైందని తేలితే, అమ్మేటప్పుడు అది ఏడాది పాతదిగానే లెక్క. అంత మేరకు ధర తగ్గించమని గట్టిగా అడగొచ్చు.

"ఇదే లాస్ట్ రేటన్నా, కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు" అనే కుర్రాళ్లు మన జిల్లాలో తగులుతారు. కొత్త బండి పూజకు మనం వెళ్లేది కూడా ఆ స్వామి దగ్గరికే. అలాంటప్పుడు నవ్వి, ఆ లాస్ట్ రేటునే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కిట్టు అన్నీ కలిపిన ఆన్ రోడ్ ధరగా ఒకే అంకెలో రాసి, మేనేజరు సంతకంతో ఇమ్మనండి.