మొండికేసిన ఆయిల్ ఫిల్టరు

కారు ఇంజనుకి నూనె మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. కింద బిరడా విప్పి పాత నూనె వదిలెయ్యాలి. పాత ఫిల్టరు తీసి కొత్తది బిగించాలి. బిరడా పెట్టేసి పైనుంచి కొత్త నూనె పొయ్యాలి. చెప్పుకోడానికి మూడు ముక్కలే. అందులో నడిమి ముక్క దగ్గర నేను ఒక ఆదివారం సాయంత్రమంతా ఇరుక్కుపోయాను. ఆ అవస్థలో నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని ఈ నాలుగు మాటలు.

నేనుండేది యాంగోన్‌లోని తాకేటాలో. ఊరి నడిబొడ్డునుంచి పజుండౌంగ్ కాలువ దాటి రావాలి. యాంగోన్ అంటే మనవాళ్ళు తడుముకుంటారేమో కానీ, "రంగం" అంటే పాతతరం వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదుగా, ఇక్కడికి ఓడలెక్కి కూలికొచ్చిన తెలుగువాళ్ళని ఒకప్పుడు కోరంగీలు అనేవారు. మా పక్కింటి తాతగారు అలా వచ్చిన ఒకాయనకి మనవడు. వయసులో ఉన్నప్పుడు హీనో లారీలు మరమ్మతు చేసిన మనిషి. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకోవాలి. సోమవారం పొద్దున ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే పూచీ నాది, నా టొయోటా ప్రోబాక్సుది.

ఇక్కడి కార్లలో చాలాభాగం జపానులో వాడేసినవే. 1970లో బర్మా ప్రభుత్వం బళ్ళన్నిటినీ రోడ్డుకి కుడివైపుకి మార్చింది కానీ, ఈ కార్లకి స్టీరింగు కూడా కుడివైపే. 2021లో కార్ల దిగుమతి ఆపేశాక ఉన్న బండినే కళ్ళకద్దుకుని చూసుకోవడం అందరికీ అలవాటయింది. అందుకే నూనె మార్పు నేనే చేసుకుందామనుకున్నాను. బిరడా విప్పాను, నల్లటి నూనె బేసినులోకి దిగింది. అంతవరకూ బాగానే ఉంది. ఫిల్టరు పట్టుకుని తిప్పితే, అది ఇంజనుతోపాటే పుట్టినట్టు కదలకుండా కూర్చుంది!

తాతగారు అరుగుమీద కుర్చీలోంచి చూసి, "ఏటి బాబూ, నూనె ముందే వదిలీసావా? ముందు డబ్బా కదిపి సూడాల" అన్నారు.

ఆ మాటలో ఎంత తెలివుందో అప్పుడర్థమయింది. ఫిల్టరు రాకపోయినా ఇంజనులో నూనె ఉంటే, బండి నడుపుకుంటూ ఏ షెడ్డుకో పోవచ్చు. నూనె వదిలేశాక అది కారు కాదు, ఇనప సామాను. కాబట్టి మొదటి సూత్రం: ముందు ఫిల్టరుని పావు చుట్టు వదులు చేసి, మళ్ళీ చేత్తో బిగించి, ఆ తరవాతే బిరడా జోలికి వెళ్ళాలి.

ఇంతకీ ఫిల్టరు ఎందుకు పట్టేస్తుంది?

ఫిల్టరు అంటే ఒక పల్చటి రేకు డబ్బా. లోపల మడతలు మడతలుగా వడపోత కాగితం. నోటి దగ్గర మందమైన పళ్ళెం, దాని మధ్య మరచుట్లు, చుట్టూ ఒక రబ్బరు రింగు. ఈ రింగే ఇంజను మొహానికి అదుముకుని నూనె కారకుండా ఆపుతుంది. కారుకి నూనె ఫిల్టరు 1920లలో వచ్చింది. ఇలా డబ్బా మొత్తాన్నీ తిప్పి తీసి పారేసే పద్ధతి 1950ల నడుమ వచ్చింది.

పట్టేసేది చాలావరకు మరలు కాదు, రబ్బరు. బిగించేటప్పుడు రింగుకి నూనె రాయకపోతే అది జారకుండా ఇనుముని కరుచుకుంటుంది. ఆపైన వేల కిలోమీటర్ల వేడికీ చల్లారడానికీ గట్టిపడి అతుక్కుపోతుంది. దానికి తోడు బిగించినవాడు "ఎందుకైనా మంచిది" అని పానాతో ఇంకో చుట్టు తిప్పాడా, ఇంక చెప్పక్కర్లేదు.

కొంచెం లెక్క చూద్దాం. నా కారులోని ఇంజనుకి ఫిల్టరు బిగింపు సుమారు 17.5 న్యూటన్-మీటర్లు ఉండాలి. డబ్బా అడ్డుకొలత ఆరున్నర సెంటీమీటర్లు అనుకుందాం. సరిగ్గా బిగించిన ఫిల్టరు తియ్యడానికే డబ్బా అంచు దగ్గర సుమారు 55 కిలోల బరువుతో సమానమైన లాగుడు కావాలి. నూనె చేతులతో అది అయ్యే పనేనా? అదే పాతిక సెంటీమీటర్ల కర్రతో అయితే 7 కిలోల లాగుడు చాలు. అంటే కావలసింది కండ కాదు, మీట. ఆ మీట డబ్బాని జారకుండా పట్టుకోవాలి, అంతే.

నేను పాత సీటుబెల్టు ముక్కని ఉచ్చులా ముడివేసి డబ్బాకి చుట్టాను. మిగిలిన వదులులో ఒక కర్ర దూర్చి, దాని కొస డబ్బాకి ఆనించి లాగాను. బెల్టు జర్రున జారిపోయింది. మూడుసార్లు అదే తంతు. చీకటి పడింది, కరెంటు లేదు. విసుగెత్తి స్క్రూడ్రైవరూ సుత్తీ తీశాను. డబ్బాలోంచి ఆ పక్కకీ ఈ పక్కకీ పొడిచి తిప్పమని చాలామంది చెబుతారు కదా!

"పొడిసీకు బాబూ, అది ఆకర్న. ముందు దానికి తలంటు పొయ్యి."

తాతగారి మాట వెనక మంచి కారణాలున్నాయి. రేకు పల్చన. స్క్రూడ్రైవరు దాన్ని తిప్పడానికి బదులు చీల్చెయ్యొచ్చు. అప్పుడు పళ్ళెం మాత్రం ఇంజనుకి అంటుకుని మిగులుతుంది, దాని అంచుకి ఉలి పెట్టి కొట్టుకోవాలి. పొడిచేది నడిమికి తగిలిందా, ఇంజనువైపు మరలగొట్టానికే దెబ్బ.

మరి తలంటు ఎందుకు? రేవులో పడవ తాడుని గుంజకి రెండు చుట్లు చుట్టి, ఒక్క మనిషి అంత పడవనీ ఆపడం చూసే ఉంటారు. తాడు ఒక కొసన చిన్న లాగుడుంటే రెండో కొసన ఎంత పెద్ద లాగుడుని ఆపగలదన్నది రెండింటిమీద ఆధారపడుతుంది: ఎన్ని చుట్లు చుట్టాం, ఒరిపిడి ఎంత. దీనికి ఆయిలర్ పేరుమీద ఒక సూత్రం ఉంది (పేరులో ఆయిలున్నా ఈయన స్విట్జర్లండు గణితవేత్త). ఒరిపిడి గుణకం 0.3 అయితే ఒక్క చుట్టుకి ఆరున్నర రెట్లు. నూనె జిడ్డువల్ల అది 0.1కి పడిపోతే రెండు రెట్లు కూడా రాదు. అదే పొడిగా ఉంటే, రెండో చుట్టుతో నలభై రెట్లు దాటుతుంది!

బట్టల సబ్బుతో డబ్బాని కడిగాను. పొడి గుడ్డతో తుడిచాను. గరుకు కాగితంతో రేకుమీది రంగు గీకాను. బెల్టు రెండు చుట్లు వేశాను, డబ్బా అడుగుకి కాకుండా ఇంజనువైపు, పళ్ళెం దగ్గరగా. అక్కడ రేకు నలగదు. ఒక్క జాగ్రత్త: కింద పడుకున్నప్పుడు దిశ తికమకపెడుతుంది. డబ్బా అడుగు మీ మొహానికి ఎదురుగా ఉంటే, విప్పాల్సింది గడియారం ముల్లుకి ఎదురు దిశలో. నేను ముందు చేసిన ప్రయత్నాల్లో ఒకటి బిగించడానికే పనికొచ్చిందని తరవాత తెలిసింది!

ఈసారి లాగితే కిర్రుమంది. ఇంకో లాగుకి వదిలింది. చూస్తే రింగు ఎండిపోయి, ఒకపక్క నలిగి ఉంది. పోయినసారి ఒక షెడ్డువాళ్ళు నూనె రాయకుండా పానాతో బిగించారని దాని వాలకమే చెప్పింది.

ఫిల్టరు తియ్యడం నేర్చుకోవాలంటే అసలు పాఠం బిగించడంలోనే ఉంది:

పాత రింగు ఫిల్టరుతోపాటు ఊడి వచ్చిందో లేదో తప్పకుండా చూడండి. అది ఇంజనుకే అంటుకుని ఉంటే, దానిమీద కొత్త రింగు నిలవదు. ఇంజను వేగం పెంచగానే ఒత్తిడికి నూనె చిమ్మేస్తుంది, ఇంజను పోతుంది.

ఇంజను మొహం తుడవండి. కొత్త రింగుకి వేలితో కొత్త నూనె రాయండి.

రింగు ఇంజనుని తాకేదాకా చేత్తో తిప్పి, అక్కణ్ణించి చేత్తోనే ముప్పావు చుట్టు. పానా వద్దు. (డబ్బామీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి.)

నూనె పోశాక (నా బండికి ఫిల్టరుతో కలిపి 3.7 లీటర్లు) ఒక నిమిషం ఇంజను నడిపి, కిందికి చూసి, ఆపి, కొలకడ్డీ చూడండి.

కారు ఒక్క జాకీ ఆసరాతో నిలబెట్టి కిందికి దూరకండి, గట్టి స్టాండ్లు పెట్టండి. పాత నూనెని మురుక్కాలవలో పొయ్యకండి. మా తాకేటా కాలవలో పోసింది వానాకాలంలో మన గుమ్మంలోకే వస్తుంది. డబ్బాలో పోసి, పాత నూనె కొనేవాళ్ళకి ఇచ్చెయ్యండి.

సోమవారం పొద్దున తాతగారు ముందు సీట్లో కూర్చున్నారు. బండి కదిలేముందు, "కింద సూసావా?" అన్నారు. దిగి చూశాను. నేల పొడిగా ఉంది. వేళకే ఆసుపత్రికి చేరాం.

ఐదు వేల కిలోమీటర్ల తరవాత మళ్ళీ నూనె మార్చాను. బిరడా జోలికి పోకుండా ముందు ఫిల్టరు మీద చెయ్యి వేశాను. గుడ్డతో పట్టుకుని తిప్పితే వచ్చేసింది.