ఊరి బయటికి అంటే ఎక్కడికి?

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో నాకో చిన్న వడ్రంగం షాపుంది. నాన్న టెక్కలి వైపు నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చి చేతి చిత్రికతో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు కరెంటు రంపం, రందా మెషిన్ వచ్చాయి. పడౌక్ చెక్క కోస్తే ఎర్రటి పొట్టు లేస్తుంది. గాలి అటు తిరిగిందంటే వెనకింటి దండెం మీది తెల్లబట్టలు కుంకుమ చల్లినట్టయిపోతాయి.

"బాబూ, ఒక్క గంట ఆపరా, బట్టలారేశాను" అంటుంది వెనకింటావిడ.

"సరే పిన్నీ" అని మెషిన్ ఆపి కుర్చీలకు పాలిష్ పట్టుకుంటాను.

ఆవిడ అడిగింది న్యాయమే. నా పనీ న్యాయమైనదే. ఈ రెండూ పక్కపక్కన ఎలా బతకాలో ముందే ఆలోచించి పెట్టడాన్నే పట్టణ ప్రణాళికలో జోనింగ్ అంటారు. మాస్టర్ ప్లాన్ పటంలో మామూలుగా ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా రంగు వేస్తారు. ఆ రంగును బట్టే అక్కడ ఏం కట్టుకోవచ్చో తేలుతుంది. శబ్దం లెక్కా దాన్నిబట్టే మారుతుంది. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పగటిపూట ఇళ్ల మధ్య 55 డెసిబెల్స్, పారిశ్రామిక వాడలో 75 దాటకూడదు.

"వర్క్‌షాపులు ఊళ్లో ఎందుకు, బయటికి పంపేస్తే పోలేదా?" అని చాలామంది అంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ మాట నాకు మింగుడుపడదు. (2024లో మా ఊరి పేరు శ్రీ విజయపురం అయింది, నోటికి పాతపేరే వస్తోంది.) అండమాన్ నికోబార్ దీవులన్నీ కలిపితే 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో 80 శాతం పైనే అడవి. ఆ అడవిలో కొంత ఆదిమజాతుల రిజర్వు. తీరం పొడుగునా కట్టడాలకు ఆంక్షలున్నాయి. 2004 సునామీ నాడు దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చేసింది. ఉన్న కాస్త జాగా కూడా తగ్గింది. ఇక బయటంటే ఎక్కడ?

అసలు ఈ ఊరు పెరిగిందే పనిచోట్ల చుట్టూ. చాథమ్ రంపపు మిల్లు 1883 నాటిది. 1942లో జపాన్ బాంబులు పడినా మళ్లీ నిలబడింది. తర్వాత గారాచర్మలో, డాలీగంజ్‌లో పారిశ్రామిక వాడలు వచ్చాయి. మా మిడిల్ పాయింట్‌లోనే పరిశ్రమల శాఖ కార్యాలయం ఉంది, సాగరిక హస్తకళల ఎంపోరియం ఉంది. ఎంపోరియంలో ముచ్చటపడి కొనే వస్తువును ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చెక్కాలి కదా!

అలాగని ఏ పరిశ్రమైనా ఇళ్ల మధ్య ఉండొచ్చని నేననను. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పెట్టినప్పుడు అది శివారు. ఆనక ఊరు పెరిగి ఇళ్లు గోడ దాకా వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌గా మారిన ఆ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్నవాళ్ల మీదికి పాకింది. 12 మంది పోయారు. అలాంటి ఫ్యాక్టరీ చుట్టూ ఖాళీ నేల వదలాలి, వదిలిన నేలను ఏళ్ల తరబడి కాపాడాలి. ఆ రెండోదే మన దగ్గర జరగదు.

అందుకే పరిశ్రమలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. కాలుష్య నియంత్రణ మండలి ఎర్ర, నారింజ, ఆకుపచ్చ, తెలుపు లాంటి తరగతులు పెట్టింది ఇందుకే. మెషిన్లతో చేసే వడ్రంగం ఆకుపచ్చలో ఉంది. ఎర్ర తరగతిని దూరంగా పెట్టండి. వడ్రంగం, టైలరింగ్, సైకిల్ రిపేరు లాంటివాటికి ఊళ్లోనే చోటు చూపండి, పనివేళలు కట్టడి చేయండి, పొట్టు పీల్చే యంత్రం పెట్టమనండి.

హైదరాబాద్‌లో గాలి ఇంకోవైపు వీస్తోంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం బాలానగర్, జీడిమెట్ల లాంటి పాత పారిశ్రామిక వాడల్లో, రుసుము తీసుకుని, ఇళ్లూ ఆఫీసులూ కట్టుకునే విధానం తెచ్చింది. మొత్తం సుమారు 9,292 ఎకరాలు. కాలుష్యం నగరం దాటిపోతుందన్నది ప్రభుత్వ వాదన, అందులో నిజముంది. కానీ ఫ్లాట్ల ధర పలికే నేల మళ్లీ లేత్ మెషిన్‌కు దక్కదు. ఆ షెడ్లలో అద్దెకున్న చిన్నవాళ్లు ఎటు పోతారన్నదే నా బెంగ. హైదరాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు అవతల నేలైనా ఉంది. మాకు అవతల ఉప్పునీళ్లే.

గారాచర్మ, డాలీగంజ్ వాడల్లో ఒక్క ప్లాటు కూడా హోటలుకో షోరూముకో పోకూడదన్నది నా కోరిక. వాడకూ ఇళ్లకూ మధ్య ఓ రోడ్డూ, చెట్ల వరసా ఉండాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయట పెట్టినప్పుడు అభ్యంతరాలు రాసివ్వడానికి గడువిస్తారు. స్థలాలున్నవాళ్లు ఆ కాగితం చూస్తారు, మన వెల్డర్లు, వడ్రంగులు చూడరు. ఈసారి మా వీధి తరఫున అర్జీ నేను రాస్తాను. వెనకింటి పిన్నితో కూడా సంతకం పెట్టిస్తాను.